చేపల నీరు - కూరపాదులు

నూజివీడు మామిడి సీమలోని రెడ్డిగూడెము మెట్ట ప్రాంతము. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియై, దిగువనున్న డెల్టా భూములకు కాలువ నీరు పారినది. ఎగువనున్న ఈ మెట్టకు ఆనాడు ఆ భాగ్యము కలుగలేదు. వాన, చెరువు, నుయ్యి - ఈ మూడే ఇచ్చటివారికి చిరకాలము ఆధారములు. తరువాత బోరుబావి వానికి తోడయినది.

కనుకనే ఒకసారి వాడిన నీటిని మరల వాడుకొనుట మెట్టసీమ ఇల్లాలికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. నూతి వద్ద స్నానము చేసిన నీరు అరటి పాదునకు పోవును. బియ్యము కడిగిన నీరు కుడితి తొట్టిలో చేరి గేదెకు పోవును. నేడు పట్టణములలో మిద్దెలపై తొట్టిలో చేపలను పెంచి, ఆ నీటితోనే కూరగాయలు పండించు పద్ధతిని ఆక్వాపోనిక్స్ అనుచున్నారు. పేరు క్రొత్తది. అందలి ఆలోచన ఎంత పాతదో, దానిని మరచి మనమేమి పోగొట్టుకొంటిమో ఇప్పుడు విచారింతము.

మన ఊరి చెరువునే చూడుడు. అందులో చేపలు పెరిగెడివి, గేదెలు ఈదులాడెడివి. తూము విప్పగా ఆ నీరు పొలమునకు పారెడిది. వేసవిలో చెరువెండినప్పుడు రైతులు అడుగు మట్టిని బండ్లకెత్తి చేలకు తోలుకొనెడివారు. ఆ మట్టిలో బలమున్నదని వారెరుగుదురు. అది ఎట్లు కలిగినదని ఎవరును అడుగలేదు. చైనా దేశమున వరిమడిలోనే చేపలను పెంచు ఆచారము శతాబ్దుల నాటిది. మెక్సికో సరస్సులలో అజ్టెకులు కాలువల బురదను తోడి మళ్లపై పోసి, మొక్కజొన్నయు కూరగాయలును పండించిరి.

ఆ బలమునకు కారణమును శాస్త్రము 19వ శతాబ్దమున కనుగొన్నది. 1877లో ష్లోజింగ్, ముంజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఇసుకయు సుద్దపొడియు నింపిన గొట్టము గుండా మురికినీటిని మెల్లగా పారించిరి. కొన్ని దినములకు ఆ నీటిలోని అమోనియా నైట్రేటుగా మారసాగెను. క్లోరోఫారము ఆవిరి తగులగానే ఆ మార్పు ఆగిపోయెను. అనగా ఆ పని చేయునవి ప్రాణమున్న సూక్ష్మజీవులు! 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ ఆ జీవులను వేరుచేసి చూపెను. చేప మొప్పల ద్వారా అమోనియాను విడుచును. అది నిలిచినచో చేపకే విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరియొక జాతి నైట్రేటుగాను మార్చును. ఆ నైట్రేటే మొక్కకు ఆహారము.

ఈ జ్ఞానమును చేపల తొట్టికిని కూరమడికిని ముడివేసినది ఇరువదవ శతాబ్దము. అమెరికాలో 1969లో స్థాపితమైన న్యూ ఆల్కెమీ సంస్థ ఈ దిశగా ప్రయోగములు చేసినది. మంచినీటి కరవుగల వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయములో 1980 దశకము నుండి జేమ్స్ రాకోసీ ఈ పద్ధతిని వ్యవసాయ స్థాయికి తెచ్చెను. నీరు తిరిగి తిరిగి వచ్చును గనుక, ఆవిరియైనదియు మొక్క త్రాగినదియు మాత్రమే మరల పోసిన చాలును.

ఇక మన దేశమున జరిగిన దేమి? 1957లో హీరాలాల్ చౌధురి పెంపుడు గండుచేపలకు సూదిమందు ఇచ్చి గ్రుడ్లు పెట్టించుటతో చేపపిల్లకు కరవు తీరు దారి ఏర్పడెను. తరువాతి దశాబ్దములలో కొల్లేటి సరస్సు చేపల చెరువులతో నిండిపోయెను. రెడ్డిగూడెమునకు పొరుగుననున్న మైలవరపు కొండలలో పుట్టిన బుడమేరు చేరునదియు ఆ కొల్లేటికే. చెరువులు విడిచిన ఎరువు నీరు, ఊళ్ల మురుగు, పొలముల నీరు అన్నియు అందులో కలిసెను. ఫలితముగా గుర్రపుడెక్క దట్టముగా అల్లుకొనెను. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో చెరువుల గట్లను తెగగొట్టించిరి. ఎందరో కుటుంబముల జీవనము ఆ గట్లతో పాటు తెగినది. ఆలోచించి చూడగా, చేపల నీటిని మొక్క త్రాగుట అచ్చటను జరిగినది. అయితే తోటకూరకు బదులు గుర్రపుడెక్క త్రాగినది. ఏ మొక్కను నాటవలెనో మనము నిర్ణయింపకున్నచో కలుపు మొక్క నిర్ణయించుకొనును.

ఇంటి పట్టున దీనిని ఆరంభింపదలచువారు కొన్ని సంగతులు గమనింపవలెను. ఒక తొట్టి, కంకర నింపిన మడి, నీరెత్తు చిన్న పంపు చాలును. సూక్ష్మజీవులు కంకరలో స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు చేపలు కొద్దిగా, మేత మరింత కొద్దిగా ఉండవలెను. తోటకూర, పాలకూర, బచ్చలి త్వరగా వచ్చును. టమాటా, మిరప ఎక్కువ బలమును కోరును. ఇనుము చాలనిచో లేతాకు పసుపుబారును. కరెంటు పోయి గాలి ఆడనిచో కొద్ది గంటలలోనే చేపలు తేలిపోవును. మన రోహిణీకార్తె ఎండలో తొట్టికి నీడ తప్పనిసరి.

యంత్రము కొనజాలనివారు నిరాశ పడనక్కరలేదు. మామిడితోటలో నీటికుంట ఉన్నచో అందు చేపలు వదలి, ఆ నీటినే గట్టుపైని బీర, ఆనప పాదులకు పోసిన చాలును. బోరు నీరు ఏటేటికి లోతునకు దిగుచున్న సీమలో, పైకి తెచ్చిన ప్రతి బిందెయు రెండు పనులు చేయవలెను. చేప విడిచినది పారబోసినచో విషము, పాదునకు పోసినచో ఎరువు. మన పెద్దలు చెరువుమట్టి బండితో ఆచరించినది ఈ ధర్మమునే. మనము కంకరమడితో దానిని మరల నేర్చుకొనుచున్నాము.