ఈ కాలు ఇక వద్దు!

1768 మే 28. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ సీమలో బర్స్‌లెమ్ అనే కుమ్మరుల ఊరు. కుండలు కాల్చే ఆవాల పొగ ఎప్పటిలాగే ఇళ్ల మీద కమ్ముకుని ఉంది. ఆ ఊళ్లో ఒక ఇంట్లో ముప్పై ఏడేళ్ల మనిషి కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా సర్జన్ జేమ్స్ బెంట్. బల్ల మీద కత్తులు, రంపం.

ఈథర్‌తో స్పృహ తప్పించి ఆపరేషన్ చేయవచ్చని లోకానికి తెలియడానికి ఇంకా 78 ఏళ్లు పడుతుంది. ఆనాడు నొప్పికి ఎక్కువగా ఇచ్చేది నల్లమందు ద్రావకమే. కోత నుంచి బతికి బయటపడినా, గాయం చీము పట్టి ప్రాణం తీసే ప్రమాదం ఉండేది. అన్నీ తెలిసే కూర్చున్నాడు. తనను ఎవరూ పట్టుకోనక్కర్లేదన్నాడు. కంటికి కనిపించకుండా అడ్డు పెట్టవద్దన్నాడు. తన కుడికాలిని రంపం కోస్తుంటే చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసులో గుమాస్తా పీటర్ స్విఫ్ట్ పని ఆపలేదు. లండన్‌కు పంపాల్సిన సరుకు జాబితా రాశాడు. దాని అడుగున, యజమానికి ఈ రోజు కాలు తీసేశారనీ, అంతటి ఘోరం తరవాత ఎంత బాగుండవచ్చో అంత బాగున్నారనీ రెండు ముక్కలు చేర్చాడు.

ఆ యజమాని పేరు జొసయ్య వెడ్జ్‌వుడ్. ఇవాళ్టికీ పింగాణీ పాత్రల వెనక కనిపించే పేరు.

* * *

ఆ కాలి బాధ పాతికేళ్లనాటిది. జొసయ్య పుట్టింది కుమ్మరుల ఇంట్లో, అందరికన్నా చిన్నవాడుగా. తొమ్మిదేళ్లకే తండ్రి పోయాడు. బడి మానేసి మట్టిలో చేతులు పెట్టాడు. పదకొండు, పన్నెండేళ్లప్పుడు మశూచి సోకింది. ప్రాణం దక్కింది కానీ కుడి మోకాలు చచ్చుబడింది.

సారె మీద కుండ చేసేవాడికి చేతులెంతో కాలూ అంతే. కాలితో తన్నితే సారె తిరుగుతుంది, తిరిగితేనే మట్టి లేస్తుంది. ఆ తన్నే బలం పోయింది. సారె ముందు నుంచి లేచిపోవాల్సి వచ్చిన కుర్రవాడు అచ్చుల వైపు, మట్టి కలపడం వైపు, పూతల వైపు తిరిగాడు. ఏ మట్టిలో ఏది ఎంత కలిపితే ఏ వేడికి ఏ రంగు వస్తుందో పరీక్షించి పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు. పోటీదార్లకు అర్థం కాకుండా సొంత గుర్తులతో రాసేవాడు. 1764లో పెళ్లి చేసుకున్న సారా ఆ గుర్తులన్నీ నేర్చుకుంది. కూర్చుని ప్రయోగాలకు సాయం చేసింది. మరుసటి ఏడాదే రాణి షార్లెట్ కోసం మీగడ రంగు టీ సెట్టు చేసే అవకాశం వచ్చింది. ఆ పాత్రలకు ‘క్వీన్స్ వేర్’ అని పేరొచ్చింది. ఆర్డర్లు ఆగలేదు.

మోకాలు మాత్రం ఊరుకోలేదు. 1762లో లివర్‌పూల్ దారిలో దానికి దెబ్బ తగిలి అక్కడే మంచాన పడ్డాడు. చూడవచ్చిన డాక్టర్ మాథ్యూ టర్నర్, కాలక్షేపానికి తన స్నేహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆ వచ్చినాయన థామస్ బెంట్లీ, చదువుకున్న వ్యాపారి. మంచం పక్కన మొదలైన మాటలు బెంట్లీ చనిపోయిన 1780 దాకా సాగాయి. వాళ్లిద్దరూ వ్యాపార భాగస్వాములయ్యారు. ఎక్కడికీ కదలలేని ఆ రోజుల్లోనే వెడ్జ్‌వుడ్‌కు జీవితంలో అందరికన్నా ఆప్తుడు దొరికాడు.

* * *

1768 నాటికి వెడ్జ్‌వుడ్ మీద ఉన్న బరువు తక్కువది కాదు. ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలువ తవ్వకానికి రెండేళ్ల కిందట తొలి మన్ను తీసింది అతనే. బండి కుదుపులకు పింగాణీ పగలకుండా పడవల మీద వెళ్లాలన్నది అతని ఆశ. కొత్త ఫ్యాక్టరీ కడుతున్నాడు. లండన్‌లో సరుకు అమ్మే ఏర్పాట్లు చూడాలి. ఇంట్లో ముగ్గురు పసివాళ్లు. మోకాలితో అతిగా నడిచానని, అతిగా పని చేయించానని అతనే బెంట్లీకి రాసుకున్నాడు. ఎప్పుడు తిరగబెడుతుందో తెలియని నొప్పి అది. వచ్చినప్పుడల్లా వారాలకు వారాలు మింగేసేది.

అప్పుడే తెగించాడు. ఈ కాలు ఇక వద్దు!

ఇది విన్నవాళ్లు అతని గుండె నిబ్బరాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. నా మనసు మాత్రం ఆ తరవాతి వారం దగ్గర ఆగిపోతుంది. కాలు తీసిన వారం తిరక్కముందే అతని చిన్నకొడుకు రిచర్డ్ చనిపోయాడు. ఏడాది నిండని బిడ్డ. తండ్రి మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. ఒక గదిలో భర్త పచ్చి గాయంతో, ఇంకో గదిలో బిడ్డ చావుతో సారా ఆ రోజులు దాటింది. ఆ ఇల్లు కూలిపోకుండా నిలబడిందంటే ఆమె వల్లే.

మూడు వారాలయ్యాక బెంట్లీకి వెడ్జ్‌వుడ్ రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఆ పొద్దున గాయాన్ని వృత్తలేఖినితో కొలిచానని, రెండంగుళాలు కూడా లేదని రాశాడు. సర్జన్‌ను పక్కన పెట్టేశామని, ఇప్పుడు కట్టు మార్చేది తానూ సారానేనని, ఎప్పుడైనా తొంగి చూడనిస్తే ఆయన నమ్మలేక చేతులు పైకెత్తి ఆశ్చర్యపోతున్నాడని సంబరంగా చెప్పాడు. ఆవంలోంచి తీసిన పాత్రను కొలిచినట్టే సొంత గాయాన్నీ కొలిచాడు. తెలియని భయాన్ని తెలిసిన లెక్కలోకి మార్చుకోవడం అతనికి చిన్నప్పటి నుంచీ పట్టుబడిన విద్య.

కొయ్యకాలు వచ్చింది. మే 28ని ‘సెయింట్ ఆంప్యుటేషన్ డే’ అని పిలుచుకున్నాడు, అదేదో పండగ అయినట్టు. పోయినదాని గురించి ఇంట్లో ఎవరూ గుసగుసగా మాట్లాడుకోనక్కర్లేకుండా చేశాడు.

* * *

1769 జూన్ 13న కొత్త ఫ్యాక్టరీ ‘ఎట్రూరియా’ తెరిచారు. ప్రాచీన ఇటలీలోని ఒక సీమ పేరు అది. ఆ రోజు వెడ్జ్‌వుడ్ మళ్లీ సారె ముందు కూర్చున్నాడు. చక్రం తిప్పడానికి కాలు లేదు. తిప్పింది బెంట్లీ. వెడ్జ్‌వుడ్ చేతుల్లో ఆరు పూలకుండీలు లేచాయి. ‘తొలిరోజు కుండీలు’గా వాటికి పేరు నిలిచింది.

పన్నెండేళ్ల కుర్రవాడికి దూరమైన పని, ముప్పై ఎనిమిదేళ్లకు స్నేహితుడి చేతి బలంతో దగ్గరైంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. వెడ్జ్‌వుడ్ జబ్బును ఒంటరిగా గెలవలేదు. గెలవాలని పంతం పట్టనూ లేదు. తనకు చేతకాని పని ఏదో స్పష్టంగా చెప్పి, దాన్ని చేయగలిగినవాళ్ల చేతుల్లో పెట్టాడు. ప్రయోగాల రహస్యాలు సారాకు, లండన్ వ్యవహారం బెంట్లీకి, రోజువారీ లెక్కలు స్విఫ్ట్‌కు. అందుకే అతను మంచం మీదున్న రోజు కూడా సరుకు బయల్దేరింది.

ఆ ఇంట్లో అనారోగ్యం అక్కడితో ఆగలేదు. బోల్టన్ బడిలో కొడుకుల ఆరోగ్యం పాడవుతోందని 1779లో ఇంటికి తెచ్చేసి, ఇంట్లోనే చదువు పెట్టించాడు. పాఠాల మధ్య గుర్రపు స్వారీ, తోటపని ఉండాలన్నాడు. చిన్న కూతురు మేరీ ఆన్‌కు మూర్ఛలు వచ్చేవి. కుటుంబ వైద్యుడు ఎరాస్మస్ డార్విన్ కరెంటు వైద్యం దాకా ప్రయత్నించినా 1786లో ఆ పాప దక్కలేదు. ఆ దుఃఖాలన్నిటి మధ్యనే ఆవాలు మండాయి, జీతాలు అందాయి. పెద్ద కూతురు సుసన్నా తరవాతి రోజుల్లో ఎరాస్మస్ కోడలైంది. ఆమె కొడుకే చార్లెస్ డార్విన్.

ఎట్రూరియాలో కార్మికుల కోసం ఒక జబ్బు నిధి ఉండేది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తలా కొంత వేసుకోవాలి, మంచాన పడితే అందులోంచి ఇంటికి డబ్బు వెళ్తుంది. కదలలేని రోజులు మనిషికి వస్తాయని ఆ యజమానికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

డయాలసిస్‌కు వెళ్లొచ్చి కొట్టు తెరిచేవాళ్లు, కీమో అయిన మర్నాడే పిల్లలకు క్యారేజీ కట్టే తల్లులు మన వీధుల్లోనూ ఉన్నారు. వాళ్లను మనం ధీరులని పొగుడుతాం, అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం. వాళ్లకు కావలసింది ఆ పొగడ్త కాదు. లెక్కలు చూసిపెట్టే స్విఫ్ట్, కట్టు మార్చే సారా, చక్రం తిప్పే బెంట్లీ కావాలి. మనలో ఎవరమైనా ఆ ముగ్గురిలో ఒకరం కాగలం. జబ్బు పడినవారు నోరు తెరిచి అడగాలి. అడగలేకపోతే మనమే వెళ్లి తలుపు తట్టాలి.