మార్కు చెప్పని మాట

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల దగ్గర పెరిగిన మాకు "రిటన్‌లో వచ్చింది, ఇంటర్వ్యూలో పోయింది" అన్న మాట కొత్త కాదు. ఎందుకు పోయిందంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు. ఆ ఖాళీని మనిషి తనకు తోచినదాంతో నింపుకుంటాడు: మన ఇంగ్లీషు, మన యాస, మన ఊరు. ఈ ఖాళీ వెనక కొంత చరిత్ర ఉంది.

1979-80లో శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రవేశాలకు రాతపరీక్ష 100 మార్కులు, ఇంటర్వ్యూ 50. మన వరంగల్ ఆర్.ఇ.సి. లాంటి కాలేజీయే అది. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలే ఇచ్చారనీ, తల్లిదండ్రులెవరు, ఏ ఊరు అని అడిగి పంపేశారనీ సీటు రానివాళ్ళు సుప్రీంకోర్టుకెక్కారు. అదే అజయ్ హాసియా కేసు. ఇంటర్వ్యూకి 15 శాతం మించి మార్కులు పెట్టడం తగదని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు రాశారు. ఆ 15 శాతమే అందరికీ గుర్తుండిపోయింది. అదే తీర్పులో నాకు ఇంకా విలువైనదనిపించే సూచన మరొకటుంది: ఇంటర్వ్యూని టేపు మీద రికార్డు చేస్తే మంచిదని. అంటే గదిలోంచి అంకె ఒక్కటే బయటికొస్తే చాలదు, మాటలు కూడా మిగలాలి.

ఇప్పటికీ సివిల్స్ రాసినవాళ్ళకు అందేది అంకే. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2013 పరీక్షతో రెవెన్యూ సర్వీసులో చేరి, 2017 పరీక్షలో, ఐదో ప్రయత్నంలో, దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. ఆయనకు ఇంటర్వ్యూలో 275కి 176. రెండో ర్యాంకరు అను కుమారికి 187. మొత్తంలో ఆయనకే రెండు మార్కులు ఎక్కువ. ఆ 11 మార్కుల తేడా ఏ జవాబు దగ్గర వచ్చిందో మార్కుల జాబితా చెప్పదు. మొదటి ర్యాంకరుకే తెలియనిది, ఒక్క మార్కుతో పోయినవాడికి ఎలా తెలుస్తుంది?

2022 ఏప్రిల్‌లో తెలంగాణ మంత్రివర్గం గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలనే తీసేయాలని నిర్ణయించింది. అనుమానానికి అదొక మందు. కానీ ప్రైవేటు ఉద్యోగాల్లో ఇంటర్వ్యూ ఎక్కడికీ పోలేదు. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలు చేసేవైపు నేనూ కూర్చుంటాను. ప్రతి అభ్యర్థి గురించీ పేరాలకు పేరాలు రాస్తాం. అవతలివాళ్ళకు వెళ్ళేది మాత్రం అందరికీ ఒకటే మెయిల్.

అందుకే ఊరి నుంచి ఫోన్ చేసే తమ్ముళ్ళకు నేను చెప్పేదొకటే. బయటికొచ్చిన గంటలోపు అడిగిన ప్రశ్నలన్నీ, నువ్వు చెప్పిన జవాబులతో సహా, రాసి పెట్టుకో. తెలియనివి ఒక పక్కన, తెలిసీ చెప్పలేకపోయినవి ఇంకో పక్కన పెట్టు. మొదటివాటికి చదువు కావాలి, రెండోవాటికి ఎవరి ముందైనా కూర్చుని పైకి చెప్పే అలవాటు కావాలి. మూడు ఇంటర్వ్యూల కాగితాలు పక్కపక్కన పెడితే ఏది మళ్ళీ మళ్ళీ వస్తోందో కనిపిస్తుంది. రెండు లిస్టుల్లోనూ పడనిది మిగిలితే, అది బహుశా నీ తప్పు కాదు. యాసనీ ఊరినీ తిట్టుకునే ముందు ఆ కాగితం చూసుకో.