థర్మాకోల్‌పై వేడి, ఒత్తిడి ప్రభావం

థర్మాకోల్ అంటే నురుగులా పొంగించిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్. దీని ఘనపరిమాణంలో సుమారు 98 శాతం గాలే. మిగిలినది ఆ గాలిని బంధించిన సన్నని గదుల గోడలు.

తయారీ: పంచదార పలుకుల్లాంటి పాలీస్టైరీన్ గింజల్లో పెంటేన్ ఉంటుంది. నీటి ఆవిరి సోకగానే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పెంటేన్ వాయువై గింజను సుమారు 40 రెట్ల వరకు ఉబ్బిస్తుంది. వీటిని కొంతకాలం ఆరనిచ్చి, అచ్చులో నింపి మళ్లీ ఆవిరి పట్టిస్తే, ఒకదానికొకటి అతుక్కుని అచ్చు ఆకారం పొందుతాయి.

వేడి: సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద పాలీస్టైరీన్ మెత్తబడుతుంది. అంతకు మించి వేడి తగిలితే గదుల గోడలు కూలి, గాలి తప్పించుకుని, పదార్థం కుంచించుకుపోతుంది. వేడి తీగతో దీన్ని నున్నగా కోయగలిగేది ఈ గుణం వల్లే.

ఒత్తిడి: స్వల్పంగా నొక్కితే గోడలు వంగి మళ్లీ యథాస్థితికి వస్తాయి. గట్టిగా నొక్కితే శాశ్వతంగా నలిగిపోతాయి. ఒకవైపు నుంచే నొక్కితే దిమ్మ చదునవుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, అదీ అన్ని దిక్కుల నుంచీ సమానంగా. అందుకే పరిశోధన నౌకల నుంచి వేల మీటర్ల లోతుకు దించిన నురుగు కప్పులు రూపు చెడకుండా, మీది బొమ్మలతో సహా బుల్లి కప్పులుగా పైకి వస్తాయి.