గింజలోని పిండి – ఎండదెబ్బ

కంకి పాలుపోసికొనువేళ ఎండలు ముదిరినచో గింజ నొక్కిపోవునని మన కాపులకు తరతరములుగా తెలియును. ఆకు వాడుటచేతనో, నీరు చాలకనో అట్లగునని మనము చాలకాలము తలచితిమి. లోపము గింజలోపల కూడ నున్నదని తేలుటకు ఇరువదవ శతాబ్దము దాదాపు గడచిపోవలసి వచ్చినది.

ఆకు చేసిన చక్కెర గింజను చేరి పిండిగా మారును. ఈ మార్పును నడపునవి ఎంజైములు. 1940లో కేంబ్రిడ్జిలో హేన్సు అను శాస్త్రజ్ఞుడు ఫాస్ఫారిలేసు అను ఎంజైముతో, మొక్కతో పనిలేకయే, పిండిని నిర్మించి చూపెను. మొక్కయు ఇట్లే చేయునని ఇరువదేండ్లపాటు పలువురు నమ్మిరి. ఆ నమ్మకమును సడలించినది అర్జెంటీనా. బ్యూనస్ ఐరిస్ నగరమున, ఒక వస్త్రవ్యాపారి విరాళముతో వెలసిన చిన్న పరిశోధనాలయములో లెలోయర్, ఆయన సహచరులు 1960-61లో అసలు త్రోవను కనుగొనిరి. చక్కెర అణువు ముందుగా ఒక న్యూక్లియోటైడును తోడుపట్టుకొనును. పిదప స్టార్చి సింథేసు అను ఎంజైము దానిని పిండిగొలుసునకు తగిలించును. చక్కెర న్యూక్లియోటైడుల పరిశోధనకే 1970లో లెలోయర్‌కు నోబెలు బహుమతి లభించినది. ధనికదేశముల ప్రయోగశాలలకు చిక్కనిది అక్కడ చిక్కుట మాకు ముచ్చట గొలుపుచున్నది.

ఇక వేడిమి సంగతి. ఆస్ట్రేలియాలోని అడిలైడులో జెన్నర్ వేడికి గురియైన గోధుమకంకులను పరీక్షించెను. గింజలో చక్కెరకు కొఱత లేదు. పిండి మాత్రము తఱిగినది. సరకులున్నవి, వండువాడే సొమ్మసిల్లినాడన్నమాట! ఆ వంటవాడు స్టార్చి సింథేసే యని 1993లో హాకర్, జెన్నర్‌లును, వేరుగా కీలింగు బృందమును ప్రకటించిరి. ముప్పది డిగ్రీలు దాటిన వేడిలో దాని సత్తువ సన్నగిల్లును. చల్లబడిన పిమ్మటను వెంటనే పూర్తిగా మరలి రాదు. మొక్కజొన్నలో వేడికి లొంగునది మఱియొక ఎంజైము. దానిలో ఒక్క అమైనో ఆమ్లమును మార్చినచో వేడికి తాళుకొనునని 1998లో అమెరికాలో గ్రీన్, హన్నా చూపిరి.

ఇది ప్రయోగశాలల ముచ్చటగా మిగిలిపోలేదు. 2022 మార్చి, మనదేశమున 1901 నుండి లెక్కకు వచ్చిన మార్చినెలలన్నిటిలో మిక్కిలి వేడియైనది. ఉత్తరాదిని గోధుమ సరిగా ఆ దశలోనే యుండెను. గింజ సన్నగిల్లి, ధరలు పెరుగగా, మే 13న ప్రభుత్వము గోధుమ ఎగుమతిని నిలిపివేసినది.

వరికిని ఈ బాధ తప్పదు. వేడిలో పండిన బియ్యపుగింజలో పిండిరేణువులు వదులుగా నిలిచి, సుద్దవంటి తెల్లని మచ్చ ఏర్పడును. పిండిని కట్టు జన్యువులు మందగించుటయే గాక, పిండిని కరగించు ఎంజైము జన్యువు విజృంభించునని 2007లో జపానులో యమకావా బృందము తెలిపినది. తెలంగాణమున యాసంగి వడ్లను పచ్చిబియ్యముగా ఆడించినచో నూకలు మెండుగా వచ్చుట మిల్లులవారందఱెఱిగినదే. వానిని నానబెట్టి ఆవిరిపట్టి ఉప్పుడుబియ్యము చేయుదురు. ఆ ఆవిరికి పిండి గంజిగా ఉబ్బి పగుళ్లను పూడ్చును.