మ్యాకదోని శాసనం

పాత ఆదోని తాలూకాలోని మ్యాకదోని దగ్గర బండరాతిపై చెక్కిన శాతవాహన శాసనం. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. పులుమావి రాజు 8వ పాలనా సంవత్సరంలో వేసినది. ఈ రాజును శాతవాహనుల్లో చివరి పులుమావిగా పండితులు గుర్తించారు. వి.ఎస్. సుక్థంకర్ దీన్ని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటిలో ప్రకటించారు.

విషయం చిన్నదే: వేపురక గ్రామవాసి అయిన ఒక గృహస్థు చెరువు తవ్వించాడు. ఆ ఊరు గుమిక (సైనికాధికారి) కుమారదత్తుడి కింద, ఆ సీమ మహాసేనాపతి స్కందనాగుడి కింద ఉండేవి. సీమ పేరు సాతవాహనిహార. పల్లవుల హిరేహడగలి తామ్రపత్రాల్లో అదే ‘సాతాహనిరట్ఠ’ అయింది. గెలిచిన యుద్ధం కాదు, నీటి వసతి రాతికెక్కింది. కరువు నేలకు అదే పెద్ద వార్త.

ఇలాంటి బండను కడిగి, తడి కాగితం పరచి, బ్రష్‌తో అక్షరాల గుంటల్లోకి దిగేలా కొట్టి, పైన సిరా అద్ది ప్రతి తీయడం మన శాసన పరిశోధకుల పద్ధతి. ఈ శాసనంలోని బ్రాహ్మి లిపిని ప్రిన్సెప్ 1837లో చదివాడు.

మ్యాకదోని ఉన్న నేటి కర్నూలు జిల్లాలోనే ఎర్రగుడి, రాజులమందగిరి అశోక శాసనాలున్నాయి. ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఆదోని 1953 వరకు బళ్లారి జిల్లాలోది కాబట్టి, పాత నివేదికల్లో మ్యాకదోనిని ఆ జిల్లా కిందే వెతకాలి.