మూత పెట్టకముందే

అరిసెల పాకం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెలో నీళ్ళు పోసి, అందులో ఒక చుక్క వేసి, ఉండ కట్టి చూస్తాం. పిండంతా కలిపేశాక చూద్దాంలే అనుకునే ఇల్లాలు ఉంటుందా చెప్పండి! కంప్యూటర్లు కట్టినవాళ్ళూ మొదటినుంచీ ఈ జాగ్రత్తే పాటించారని తెలిసి నాకు భలే ముచ్చటేసింది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 'ఎనియాక్' అనే యంత్రం కట్టడం మొదలుపెట్టారు. అందులో దాదాపు 18,000 వాల్వులు. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, మీకు గుర్తుండే ఉంటుంది. అంకెలు కూడే విభాగాలు 20. వాటన్నిటినీ ఒకేసారి కట్టి కూర్చోలేదు వాళ్ళు. 1944లో రెండంటే రెండు విభాగాలు కట్టి, కలిపి నడిపి చూశారు. అవి సరిగా లెక్క చెప్పాకే తక్కినవాటి జోలికి వెళ్ళారు. ఆ యంత్రానికి లెక్కలు అమర్చింది ఆరుగురు ఆడవాళ్ళు. ఎక్కడ ఏ వాల్వు చెడిందో కూడా పట్టేసేవారట! 1946లో యంత్రాన్ని లోకానికి చూపించిన వేడుకలో మాత్రం వాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తలేదు. అది వేరే కథ.

మనవాళ్ళదీ అదే దారి. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వారు పెద్ద యంత్రానికి ముందు 1956లో చిన్న నమూనా కట్టి నడిపి చూసుకున్నారు. 2,700 వాల్వుల అసలు యంత్రం 1960లో పనిలోకి వచ్చింది. 1962లో నెహ్రూగారు దానికి 'టిఫ్రాక్' అని నామకరణం చేశారు.

1981లో ఐబీఎం వారి పర్సనల్ కంప్యూటర్ వచ్చేసరికి ఈ పరీక్ష యంత్రమే చేసుకోసాగింది. స్విచ్ వేయగానే తన మెమరీనీ, కీబోర్డునూ తానే తడిమి చూసుకుని, అంతా సవ్యంగా ఉంటే ఒక్కసారి 'బీప్' మంటుంది. విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకునేవాళ్ళకు ఆ తరవాత్తరవాత ఇదే పెద్ద దిక్కయింది.

ఆ దిక్కు విలువ 2004 వేసవిలో హనుమకొండలో, మా అన్నయ్యగారింట్లో చూశాను. వదిన చీటీ పాడిన డబ్బుతో మేనల్లుడు సికిందరాబాద్ వెళ్ళి భాగాలన్నీ కొనుక్కొచ్చాడు. కాజీపేట నుంచి రైల్లో 132 కిలోమీటర్లు. కొత్త కేబినెట్ తళతళలాడుతుంటే, వాడు దాన్ని పక్కన పెట్టి, మదర్‌బోర్డుని అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచాడు.

"ముందు డబ్బాల బిగించరాదురా" అన్నాను.

"బిగించినంక చెడ్డదని తెలిస్తే మళ్ల అన్ని ఇప్పాలె అత్తమ్మా" అన్నాడు.

ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క మెమరీ కార్డు, కరెంటు పెట్టె, మానిటరు. అంతే! హార్డ్ డిస్కు కూడా తగిలించలేదు. బోర్డు వచ్చిన వెండిరంగు సంచీ మీద పెట్టకూడదట, దానిగుండా కరెంటు పారే వీలుందట. ఆన్ చేసే స్విచ్ కేబినెట్‌కి కదా ఉండేది, అందుకని బోర్డు మీద రెండు సన్నని పుల్లల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపాడు.

ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఆగకుండా బీప్, బీప్ అని ఒకటే గోల. వదిన మొహం పాలిపోయింది. ఏడాదిన్నర కట్టిన చీటీ మరి!

వాడు కంగారు పడలేదు. తగిలించినవే నాలుగైతే అనుమానించాల్సినవీ నాలుగే. కరెంటు తీసేసి, ఆ మెమరీ కార్డు ఊడదీసి, రెండోది పెట్టాడు. ఈసారి ఒక్కటే బీప్. తెర మీద అక్షరాలు!

చెడినది ఆ ఒక్క కార్డే. మర్నాడు పొద్దున్నే రైలెక్కి వెళ్ళి మార్చుకొచ్చాడు. రెండూ పెట్టి మరోసారి నడిపి చూపించాడు. ఆ ఒక్క బీప్ చెవిన పడ్డాక వదిన చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి కేకేసింది:

"ఇగ మూత పెట్టు కొడుకా!"