గాయపడినవాని హక్కు: ఖాజీ న్యాయస్థానం నుండి కంపెనీ అదాలతు దాకా

ఒకడు మరొకని చేయి విరుగగొట్టాడు. ఈ దావా ఎవరిది? దెబ్బ తిన్నవానిదా, ప్రభుత్వానిదా? ఈ ప్రశ్నకు ఒక్కొక్క కాలం ఇచ్చిన సమాధానాన్ని బట్టే గాయపడినవాని గతి నిర్ణయమయింది.

ఇస్లామీ ధర్మశాస్త్రం ప్రకారం దావా గాయపడినవానిదే. అతడు ఖాజీ ఎదుట ఫిర్యాదు చేస్తాడు. ఖాజీ ప్రతివాదిని పిలిపించి విచారిస్తాడు. ప్రతివాది కాదంటే రుజువు చేసే భారం వాదిది. సాక్షులు లేనిచో ప్రతివాది ప్రమాణం చేయాలి. గాయం లోతును వైద్యుల చేత పరీక్ష చేయిస్తారు. గాయం మానేదాకా తుది తీర్పు ఆపాలని అధిక సంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. నేటి చిన్న పుండు రేపు ప్రాణం మీదికి రావచ్చు గదా!

పరిహారానికి కొలమానం, దైవప్రవక్త (స) యమన్‌కు పంపగా అమ్ర్ బిన్ హజ్మ్ (రజి) వద్ద నిలిచిన లేఖ. ప్రాణానికి 100 ఒంటెలు, వేలికి 10, పంటికి 5, ఎముక బయటపడిన తలగాయానికి 5. ఇట్లా నిర్ణయం కాని గాయాలకు నిపుణుల అంచనాతో ఖాజీ సొమ్ము నిర్ణయిస్తాడు. బుద్ధిపూర్వకంగా కొట్టిన దెబ్బకు, సమానంగా అమలు జరుపగల చోట, ఖిసాస్ కోరవచ్చు, పరిహారానికి రాజీపడవచ్చు, క్షమించనూవచ్చు. పొరపాటున తగిలిన పెద్ద గాయానికి పరిహారాన్ని ఆఖిలా, అనగా దోషి బంధువర్గం, భరిస్తుంది. కనుక కొట్టినవాడు పేదవాడైనా బాధితుడు వట్టి చేతులతో పోనక్కరలేదు.

1772లో వారెన్ హేస్టింగ్స్ వంగదేశంలో ఫౌజ్‌దారీ అదాలతులు ఏర్పరచినపుడు ఈ ధర్మశాస్త్రమే నిలిచింది, ముఫ్తీలు ఫత్వాలిచ్చేవారు. 1790లో కారన్‌వాలిస్ నేరవిచారణను కంపెనీ చేతిలోకి తీసుకున్నాడు. హతుని వారసుల క్షమాపణతో దోషి తప్పించుకోరాదన్నాడు. 1797లో దియత్ స్థానే ఖైదు వచ్చింది. 1862 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతితో ఇస్లామీ నేరచట్టం అధ్యాయం ముగిసింది.

ధనికుడు సొమ్ము చెల్లించి శిక్ష తప్పించుకోరాదనే వాదంలో న్యాయం లేకపోలేదు. కాని ఫౌజ్‌దారీ విచారణలో వాది స్థానం ప్రభుత్వానిదయింది, గాయపడినవాడు సాక్షిగా మిగిలాడు. పరిహారం కావాలంటే సివిలు కోర్టులో వేరే దావా వేసుకోవాలి. జరిమానా నుండి బాధితునికి పరిహారం ఇప్పించే అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో కనబడుతుంది. దోషి ఇవ్వలేనిచో ప్రభుత్వమే ఆదుకోవాలనే పథకానికి 2008 చట్టసవరణ దాకా ఆగవలసి వచ్చింది. విరిగిన చేయి ఎవరిదో చట్టం మరువరాదని ఈ చరిత్ర చెప్పే పాఠం.